నీళ్ళలో మునిగిన గింజలు

ఆ లోడు దిగిన రోజు వాన పడుతూనే ఉంది. లారీ పట్టా విప్పితే లోపల తెల్ల సంచులు కనిపించాయి. మామూలుగా మాకు వచ్చే సంచుల మీద కంపెనీ గుర్తూ, సరుకు రకమూ అచ్చువేసి ఉంటాయి. వీటి మీద ఏమీ లేదు. ఒక సంచిని నాలుగు వైపులా తిప్పి చూశాను. ఒక్క అక్షరం కూడా కనిపించలేదు.

"ఆఫ్ గ్రేడ్ సరుకు అలాగే వస్తుంది. తడవకముందే లోపల పెట్టించు" అన్నారు మా ఆయన.

తెనాలి ఊరి చివర, కాలువ దాటాక ఒక రేకుల షెడ్డు మాది. అందులో రెండు మెషీన్లున్నాయి. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, లోపలికి గాలి ఊది, పల్చటి గొట్టంలా పైకి లాగి, చల్లారాక చుట్టలు చుట్టే మెషీన్లు అవి. ఆ చుట్టల్ని కోసి అతికిస్తే కవర్లవుతాయి. ఆ గింజల్ని మా పనిలో దాణా అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని నాకు నవ్వొచ్చేది, గేదెలకు పెట్టేదాన్ని మెషీన్లకు పెడుతున్నారేంటని. కొన్నాళ్ళకు నవ్వు పోయి అదే అలవాటైంది. కొనడం, మెషీన్లు బాగుచేయడం మా ఆయన పని. ఆర్డర్లు చూసుకోవడం, కవరు మంచిదో కాదో తేల్చడం నా పని. పెద్ద మెషీను మాత్రం మా మావయ్య చేతిలో ఉండేది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మా అమ్మ తరఫు వాళ్ళు చీరాల దగ్గర నేతపనివాళ్ళు. మావయ్య కుర్రతనంలో మరమగ్గం నడిపాడు. తర్వాత విజయవాడ వెళ్ళి ప్లాస్టిక్ ఫిల్ము లాగడం నేర్చుకున్నాడు. మేము షెడ్డు పెట్టాక అత్తను తీసుకుని తెనాలి వచ్చేశాడు. దాణా ఎలాంటిదో తేల్చడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. గుప్పెడు గింజల్ని రెండు అరచేతుల మధ్య వేసి వేడెక్కేదాకా నలిపేవాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని లోపలికి పీల్చేవాడు. "ఇందులో పాత పాలకవర్లు కలిసినయ్" అనేవాడు. "ఇది సబ్బు డ్రమ్ములు కరిగించిన సరుకు, వద్దు" అనేవాడు. ఆయన వద్దన్నదాన్ని మేమెప్పుడూ దింపుకోలేదు.

ఆఫ్ గ్రేడ్ అంటే పెద్ద ఫ్యాక్టరీల్లో సరిగ్గా కుదరని సరుకు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు మధ్యలో వచ్చేదీ, గోడౌన్లలో కిందపడితే ఊడ్చి ఎత్తినదీ అన్నీ అందులోనే కలుస్తాయి. చవగ్గా వస్తుంది. మేము దాన్ని నారుమళ్ళ మీద కప్పే పట్టాలకూ, చెత్త కవర్లకూ వాడేవాళ్ళం. రొయ్య పిల్లల కవర్లకు మాత్రం మంచి దాణానే పోసేవాళ్ళం. బాపట్ల అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీకి ఆ కవర్లు మేమే ఇచ్చేవాళ్ళం. హేచరీలో పొదిగిన రొయ్య పిల్లను ఆ కవర్లలో నీళ్ళతో పోసి, ఆక్సిజన్ నింపి, మూతి బిగించి చెరువులకు పంపుతారు. చెరువు చేరేదాకా ఆ పిల్ల బతికేది ఆ కవర్లో గాలి మీదే.

ఆ వారం మాకు రావలసిన మంచి దాణా రాలేదు. ఎగువన వరదొచ్చి లారీ ఎక్కడో ఆగిపోయిందన్నారు. హేచరీ మేనేజరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా ఆయన కొత్త సంచుల్లోంచి దాణా గుప్పెడు తెచ్చి మావయ్య చేతిలో పోశారు.

"మావయ్యగారూ, దీంతో పిల్లల కవర్లు లాగొచ్చంటారా?"

మావయ్య గింజల్ని నలిపాడు. కళ్ళు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. గింజల్ని తిరిగి మా ఆయన చేతిలో పోసి "శుభ్రంగా ఉంది. ఏ వాసనా లేదు. లాగేద్దాం" అన్నాడు.

మొదటి రోజు ఫిల్ము చక్కగా వచ్చింది. లైటుకు అడ్డంగా పట్టి చూస్తే గాజులా ఉంది. ఆ రోజు లాగినదంతా కోయించి, కట్టలు కట్టించి, బాపట్ల పంపేశాం. పంపింది నేనే. ప్రతి కట్టలోంచీ ఒక కవరు తీసి, గాలి నింపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గాలి కారే చప్పుడేదీ రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఫిల్ములో చిన్న చిన్న ఉండలు కనబడ్డాయి. గసగసాలంత ఉంటాయి. వేలితో తడిమితే తగులుతాయి. మాకు అది కొత్త కాదు. కరిగిన ప్లాస్టిక్కును వడకట్టే జల్లెడ మార్చాం. ఒక గంట బాగానే వచ్చి మళ్ళీ మొదలయ్యాయి. మా ఆయన వేడి తగ్గించి చూశారు. ఈసారి గోధుమరంగు చారలు పడ్డాయి. పొడవుగా, సన్నగా, ఎవరో గోరుతో గీసినట్టు. వానల వల్ల దాణాకు చెమ్మ పట్టిందేమోనని సంచుల్ని విప్పి, వేడిగాలి పెట్టి ఆరబెట్టాం. చారలు ఇంకా ముదిరాయి. పైకి లేచే ఫిల్ము గొట్టం ఉన్నట్టుండి ఒకచోట చిరిగేది. లోపలి వేడిగాలి అంతా బుస్సుమని మా మొహాల మీదికి వచ్చేది.

ఆ గాలి తగిలినప్పుడల్లా నా కళ్ళు మండేవి. గొంతులో ఏదో గరుకుగా పట్టుకున్నట్టుండేది. కవర్లు అతికించే ఇద్దరమ్మాయిలూ చున్నీలు ముక్కుకు కట్టుకుని పనిచేశారు.

"అక్కా, ఏదో ఘాటుగా ఉందక్కా. కూర్చోలేకపోతున్నాం" అంది వాళ్ళలో ఒకమ్మాయి.

మావయ్య మెషీన్ పక్కనే, అన్నిటికంటే దగ్గరగా నిలబడి ఉన్నాడు. చిరిగిన గొట్టాన్ని చేతులతో కూడదీసి మళ్ళీ పైకి ఎక్కిస్తున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. అప్పుడప్పుడూ తల పక్కకు తిప్పుకుని దగ్గుతున్నాడు.

"మావయ్యా, వాసన వస్తోందా నీకు?" అని అడిగాను.

"ఏం వాసనమ్మాయ్? మామూలు ప్లాస్టిక్ వాసనే. వానకు తలుపులన్నీ వేసుకుని కూర్చున్నాం కదా, అందుకే గాలి ఆడట్లేదు" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. షెడ్డులో నలుగురి ముక్కులు ఒకటి చెబుతున్నాయి. మావయ్య ముక్కు ఇంకొకటి చెబుతోంది. మేమంతా ఆయన ముక్కునే నమ్మాం. తలుపులు తెరిచి ఫ్యాను పెట్టుకున్నాం.

మెషీన్ పక్కన మేకుకు కత్తెర వేలాడుతూ ఉండేది. మూడో రోజు దాన్ని తీస్తే వేళ్ళకు ఎర్రటి పొడి అంటింది. మొత్తం తుప్పు. అటు పక్క గోడకు వేలాడే ఇంకో కత్తెరకు మాత్రం ఏమీ కాలేదు. మా ఆయనకు చూపించాను. వానలని ఆయన అన్నారు. రెండు కత్తెరలూ ఒకే వాన కింద ఉన్నాయి కదా అని నాకు అనిపించింది, కానీ ఆ మాట పైకి అనలేదు. ఎందుకో అనాలంటే భయం వేసింది.

ఆ సాయంత్రం మా ఆయన మెషీన్ ఆపేసి స్క్రూ బయటికి లాగారు. స్క్రూ అంటే మెషీన్ గొట్టం లోపల తిరుగుతూ దాణాను ముందుకు నెట్టే పెద్ద ఉక్కు మర. నిలువెత్తు మనిషికంటే పొడుగు. దానికి అక్కడక్కడా నల్లగా మాడిన ముద్దలు అంటుకుని ఉన్నాయి. ఆయనా మావయ్యా కలిసి ఇత్తడి రేకుతో గీకి, గుడ్డతో తుడిచారు. కింద ఉక్కు మెరిసింది. చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి ఇంటికి వెళ్ళాం.

పొద్దున్న తాళం తీసి లోపలికి వెళ్ళిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన భుజం మీదుగా చూశాను. తుడిచి పెట్టిన స్క్రూ ఈ చివర నుంచి ఆ చివరికి తుప్పు పట్టి ఉంది. ఏళ్ళ తరబడి వానలో పడేసిన ఇనుములా ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళి వేలితో రుద్దారు. వేలు ఎర్రగా అయింది. ఆయన ఆ వేలినే చూసుకుంటూ నిలబడ్డారు.

నేను బాపట్లలో డిగ్రీ చదివాను. కెమిస్ట్రీ ఒక సబ్జెక్టు. ఆ చదువు నాకు ఎందుకూ పనికిరాలేదని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. ఆ పొద్దున్న తుప్పును చూస్తుంటే ల్యాబులో యాసిడ్ సీసాల పక్కన పెట్టిన ఇనుప స్టాండ్లు గుర్తొచ్చాయి. అవీ ఇలాగే అయ్యేవి.

బేసిన్ నిండా నీళ్ళు పోసి, ఆ తెల్ల సంచిలోంచి దోసెడు దాణా తెచ్చి అందులో వేశాను. మేము వాడే ప్లాస్టిక్ నీళ్ళకంటే తేలిక. గింజలన్నీ పైన తేలాయి. చేత్తో కలిపాను. మళ్ళీ తేలాయి. అంతలో వాటి మధ్య నుంచి నాలుగైదు గింజలు నెమ్మదిగా కిందికి దిగాయి. రంగులో, పరిమాణంలో మిగతావాటికీ వాటికీ ఏ తేడా లేదు. బేసిన్ అడుగున అలా కూర్చున్నాయి. ఇంకో సంచిలోంచి తెచ్చి వేశాను. అందులోనూ కొన్ని మునిగాయి.

పాత ఫ్యాను చుట్టలోంచి రాగి తీగ ముక్క తీసుకుని, టీ కాచుకునే గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చాను. దాన్ని మునిగిన గింజకు ఆనించి మళ్ళీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా మారింది. తేలిన గింజతో కూడా అలాగే చేసి చూశాను. మంట రంగు మారలేదు. క్లోరిన్ ఉన్నదానికే రాగి తీగ మీద ఆ ఆకుపచ్చ వస్తుందని ల్యాబులో నేర్పారు.

"ఏంటది?" అన్నారు మా ఆయన.

"పీవీసీ అండి. పైపులు చేసే ప్లాస్టిక్కు. ఇందులో కలిసిపోయింది. మనం పెట్టే వేడికి అది కరిగి ఊరుకోదు, మాడిపోతుంది. మాడినప్పుడు యాసిడ్ గాలి వస్తుంది. స్క్రూను తిన్నది అదే. మన గొంతుల్లోకి పోయిందీ అదే."

అప్పటికి మావయ్య వచ్చాడు. ఏం చేస్తున్నామో చూద్దామని పొయ్యి మీదికి వంగాడు. నేను మునిగిన గింజ ఇంకొకటి తీగతో మంటలో పెట్టాను. సన్నటి పొగ లేచింది. నేనూ మా ఆయనా ఒక్కసారిగా వెనక్కి జరిగాం. నాకు దగ్గు ఆగలేదు. మావయ్య జరగలేదు. పొగ నేరుగా ఆయన మొహానికే తగులుతోంది. కళ్ళల్లో నీళ్ళు నిండుతున్నాయి. ఆయన మాత్రం అలాగే వంగి, మంట రంగు చూస్తూ నిలబడ్డాడు.

పొయ్యి ఆపేశాను. ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తీసుకొచ్చాను. అత్త ఆయనకు కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టాను. అందులో ఇంగువ పోపు పెట్టిన పులిహోర ఉంది.

"కళ్ళు మూసుకో మావయ్యా. ఇదేంటో చెప్పు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. గింజల్ని చూసినప్పటిలాగే చాలాసేపు పీల్చాడు. తర్వాత కళ్ళు తెరవకుండానే "తెలియట్లేదమ్మాయ్" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"కరోనా జ్వరం వచ్చినప్పట్నుంచి. నాలుగు రోజులకు వస్తుందన్నారు. అందరికీ వచ్చింది. నాకు రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ దాణా వాసన చూసి చెబుతున్నావు కదా మావయ్యా?"

ఆయన వాన పడుతున్న కాలువ వైపు చూశాడు. "చేత్తో నలిపితే కొంత తెలుస్తదమ్మా. రంగు చూస్తే కొంత తెలుస్తది. మిగతాది... ఏదో ఒకరోజు వచ్చేస్తదిలే అనుకున్నా. మెషీన్ దగ్గర ఇంకేం పని చేయగలను నేను?"

మా ఆయన మావయ్యను బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పుడే మా ఇద్దరికీ ఒకే విషయం గుర్తొచ్చింది. మొదటి రోజు కవర్లు బాపట్లలో ఉన్నాయి.

హేచరీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పిల్లను ప్యాక్ చేసే సమయంలో ఎత్తరు. మావయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళమని అత్తకు చెప్పి, మెషీన్లన్నీ ఆపించి, ఇద్దరం మోటార్ సైకిల్ మీద బయల్దేరాం. పొన్నూరు మీదుగా బాపట్ల. దారంతా మబ్బు. రెండు వైపులా పొలాల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. నేను మాటిమాటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాను.

హేచరీ చేరేసరికి ప్యాకింగ్ అయిపోయింది. తడి నేల మీద మా కవర్ల కట్టలు విప్పి ఉన్నాయి. మేనేజరు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంటి మేడం, ఇలా వచ్చారు? పొద్దున్నుంచి ఫోన్ చూసుకోలేదు."

నేను ఒక కవరు తీసి, నీళ్ళు నింపి, మూతి మెలిపెట్టి నొక్కాను. నా చేతుల్లో అది మామూలుగానే ఉంది. ఇంకొంచెం నొక్కాను. పక్క నుంచి వెంట్రుకంత సన్నటి నీటి ధార బయటికి వచ్చింది. ఆ ధార వచ్చినచోట కంటికి కనబడీ కనబడని ఉండ ఒకటుంది. గాలికి చప్పుడు చేయనంత చిన్న చిల్లు. ఇంకో కవరు తీశాను. బాగానే ఉంది. మూడోది కారింది.

మేనేజరు మొహం పాలిపోయింది. "మీ కవర్లు మేమెప్పుడూ చూసుకోలేదు మేడం. చూసుకోవాలని కూడా అనుకోలేదు."

"పొద్దున్న ఎవరికి వెళ్ళాయండి?"

"ఒకటే వ్యాను. మీ కొత్త కట్టలు ఇవాళే విప్పాం. రేపల్లె అవతల, పెనుమూడి దగ్గర చెరువుకి. వెళ్ళి గంట పైనే అయింది." అతను డ్రైవరుకు ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఎత్తకూడదని అతనే డ్రైవర్లకు గట్టిగా చెప్పాడట. రైతు నంబరు కలవడం లేదు.

మళ్ళీ బయల్దేరాం. కర్లపాలెం దగ్గర వాన పెరిగింది. మా ఆయన ఆగలేదు. నా కళ్ళ ముందు నలుచదరపు అట్టపెట్టెలూ, ఒక్కో పెట్టెలో ఒక్కో కవరూ, కవర్లో వెంట్రుకంత చిల్లూ కనబడుతున్నాయి. గాలి పోతుంటే పిల్లకు తెలుస్తుందా అని అడగబోయాను. ఆయన వెన్ను బిగుసుకుని ఉంది. అడగలేదు.

కృష్ణా నది కరకట్టకు ఈవల ఆ చెరువు. గట్టు మీద వ్యాను కనిపించింది. ఖాళీ పెట్టెలు పక్కన పడేసి ఉన్నాయి. కవర్లను మూతి విప్పకుండా చెరువు నీళ్ళలో తేలేశారు. చెరువు చల్లదనానికి పిల్ల అలవాటు పడాలని అలా చేస్తారు. నీళ్ళ మీద మా కవర్లు వరసగా తేలుతున్నాయి. కొన్ని నిండుగా, బిగువుగా ఉన్నాయి. కొన్ని ముడతలు పడి, ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి.

రైతు యాభై దాటిన మనిషి. లుంగీ పైకి కట్టి నడుములోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య గట్టు మీద తెల్ల బేసిన్ పట్టుకుని నిలబడింది.

"ఎవరండి మీరు?" అన్నాడాయన.

"కవర్లు చేసేవాళ్ళమండి. తెనాలి నుంచి వచ్చాం" అన్నాను.

"కవర్లవాళ్ళా?" కవర్ల కోసం ఒకళ్ళు చెరువు దగ్గరికి రావడం ఆయనకు అర్థం కాలేదు. "పిల్ల మందకొడిగా ఉందేంటి ఈసారి? కదలట్లేదు."

"కొన్ని కవర్లు కారుతున్నాయండి. ఆక్సిజన్ పోయింది. ముందు మెత్తబడ్డవి తీసేద్దాం."

ఆయన వెంటనే నీళ్ళలో కవర్ల వైపు కదిలాడు. మా ఆయన ప్యాంటు మడవకుండానే చెరువులోకి దిగారు. ఇద్దరూ మెత్తబడ్డ కవర్లను ఒక్కొక్కటే గట్టుకు చేర్చారు. నేను మూతులు కోసి, గాలి మోటారు పెట్టిన డ్రమ్ములో నీళ్ళతో సహా పోశాను. కవరు అడుగున పిల్ల తెల్లటి పిండిలా పేరుకుని ఉంది. రొయ్య పిల్ల బతికి ఉంటే గాజులా ఉంటుంది, కనబడదు. చచ్చాకే తెల్లగా కనబడుతుంది.

ఆయన భార్య డ్రమ్ములోంచి ఒక చెంబు నీళ్ళు తీసి బేసిన్‌లో పోసింది. చేత్తో నీళ్ళను గుండ్రంగా తిప్పి వదిలింది. బతికి ఉన్న పిల్ల ఆ సుడికి ఎదురీది అంచులకు వెళ్ళాలి. చచ్చినవీ, చావబోయేవీ నడిమధ్యకు చేరతాయి. మేము నలుగురం బేసిన్ చుట్టూ వంగి చూశాం. అంచుల్లో కొన్ని మెరుపులు కదిలాయి. మధ్యలో తెల్లటి కుప్ప చేరింది. కుప్ప పెరుగుతూనే ఉంది.

"సగం పోయినట్టే" అంది ఆమె మెల్లగా.

ఆక్సిజన్ పోవడం వల్ల చచ్చాయో, ఆ ఫిల్ములో మిగిలిన యాసిడ్ నీళ్ళలోకి దిగి చచ్చాయో ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

రైతు గట్టు మీద కూర్చుని తల తుడుచుకున్నాడు. మమ్మల్ని తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన ఖాళీ కవరు ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు.

"మీరొచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది. లేకపోతే నీళ్ళు బాలేవనుకునేవాణ్ణి. పోయినేడు కూడా ఇలాగే తెల్లబడి అడుక్కి పోయిందండి పిల్ల. చెరువులో దోషం అనుకుని అడుగంతా దున్నించి, సున్నం చల్లించి, నాలుగు నెలలు ఖాళీగా ఉంచా." ఆయన కవరు కిందికి దించాడు. "అప్పుడు కూడా కవర్లు మీవేనా?"

"కవర్లు మావేనండి" అన్నాను. "కానీ అప్పుడు మంచి దాణా..."

మంచి దాణా అని మాకు చెప్పిందెవరు? సంచుల మీద అచ్చు ఉండేది, నిజమే. ఆ అచ్చు సంచుల్లో ఏముందో తేల్చింది మాత్రం మావయ్య అరచేతులూ, మావయ్య ముక్కూ. ఆ ముక్కు పనిచేయడం మానేసి ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎన్ని లోడ్లు దిగాయో, ఆయన కళ్ళు మూసుకుని ఎన్నింటిని శుభ్రంగా ఉందన్నాడో, అవి ఎవరెవరి చెరువులకు చేరాయో. మా ఆయన నా వైపు చూశారు. ఆయనకూ అదే తట్టిందని మొహం చూస్తే తెలిసింది.

"తెలియదండి" అన్నాను.

రైతు తల ఊపాడు. ఆయన భార్య మాకు తాగడానికి నీళ్ళిచ్చింది. బిగువుగా ఉన్న కవర్లను చెరువులో విప్పేదాకా ఉండి, సాయంత్రానికి రేపల్లె మీదుగా ఇంటికి వచ్చాం.

హేచరీ ఆ రైతుకు మళ్ళీ పిల్లనిచ్చింది. ఆ పంట చేతికొచ్చిందని తర్వాత ఫోన్ చేసి ఆయనే చెప్పాడు. మేనేజరు మర్యాదగా మాట్లాడాడు కానీ తర్వాతి సీజనుకు మాకు ఆర్డరు రాలేదు. స్క్రూను సానపట్టించడానికి పంపితే బాగుచేయలేమని వెనక్కి పంపారు. కొత్తది వేయించాం.

మావయ్య గొంతూ, ఊపిరితిత్తులూ కాస్త దెబ్బతిన్నాయని, పొగకు దూరంగా ఉంచమని తెనాలి డాక్టరు చెప్పాడు. ముక్కు మళ్ళీ పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నాడు. అత్తకు అసలు విషయం ఆ రోజే తెలిసింది.

"ఉప్పు తక్కువైనా, కూర మాడినా ఏమీ అనకుండా తింటున్నాడు. వయసొచ్చి మెత్తబడ్డాడనుకున్నానమ్మా" అంది, ఆ రాత్రి మేము ఆసుపత్రికి వెళ్తే బెంచీ మీద కూర్చుని. ఒకసారి పొయ్యి ఆరిపోయి గ్యాస్ ఇల్లంతా నిండితే, ఆమె పెరట్లోంచి వచ్చేసరికి ఆయన వంటింట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. బీడీ కాల్చే అలవాటు లేకపోబట్టి సరిపోయిందని చెబుతూ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

మావయ్య ఇప్పుడూ షెడ్డుకు వస్తాడు. మెషీన్ దగ్గరికి మాత్రం వెళ్ళడు. చుట్టలు తూకం వేస్తాడు. కొత్త దాణా వస్తే నేను బేసిన్‌లో వేసి, తీగ కాల్చి చూస్తాను. ఆ సమయంలో ఆయన ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోతాడు.

ఆఫ్ గ్రేడ్ అమ్మిన డీలరుకు ఆ వారమే ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు, కంగారూ పడలేదు.

"ఆఫ్ గ్రేడంటే అంతేనమ్మా. అందులో ఏముందో చెప్పగలిగితే అది ఆఫ్ గ్రేడెందుకవుద్ది? వద్దంటే వెనక్కి పంపించండి. పక్క జిల్లాలో ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు" అన్నాడు.

వెనక్కి పంపలేదు. పంపితే ఇంకో షెడ్డులో, ఇంకెవరో ఆ మెషీన్ మీద వంగి నిలబడతారు. కాలిస్తే ఆ పొగ ఊరి మీద పడుతుంది. పూడిస్తే కాలువ పక్కనే. మిగిలిన సంచులన్నీ షెడ్డు వెనక గదిలో పెట్టి తలుపు వేశాం. ఏం చేయాలో ఇప్పటికీ తేలలేదు.

మొన్న ఒక మధ్యాహ్నం స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు, నవ్వుమొహం. మా దగ్గర వాడని దాణా ఉందని ఎవరో చెప్పారట.

"చిన్న మెషీన్ పెట్టుకున్నానండి. టిఫిన్ సెంటర్లకు సాంబారు కవర్లు చేసిస్తుంటా. మీరు వాడకపోతే తీసుకెళ్తా" అన్నాడు.

"అది పనికిరాదండి. అందులో పీవీసీ కలిసింది. వేడికి యాసిడ్ వదులుతుంది. మా స్క్రూనే తినేసింది" అని మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యమధ్య తల కూడా ఊపాడు.

"మాది పాత మెషీనేలెండి, దానికేం కాదు. కవర్లు కూడా ఒక్క పూట వాడి పారేసేవే కదా" అన్నాడు.

"లేదండి. ఇవ్వం."

ఆయన ఏమీ అనుకోలేదు. హెల్మెట్ పెట్టుకుంటూ "సరేనండి, వేరే చోట చూసుకుంటాను. ఇలాంటి సరుకు ఈమధ్య బాగానే దొరుకుతోంది" అన్నాడు.

స్కూటరు కాలువ వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళిపోయింది. తూకం దగ్గర నుంచి మావయ్య తల ఎత్తాడు.

"ఎవరమ్మాయ్ వచ్చింది?"

"దాణా కోసం, మావయ్యా."

"ఇచ్చావా?"

"లేదు."

ఆయన సరే అన్నట్టు తల ఊపి మళ్ళీ తూకం వైపు తిరిగాడు. నేను వెనక గదికి వెళ్ళి తాళం లాగి చూశాను. వేసే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ వీధి మలుపులో టిఫిన్ సెంటరు ముందు ఆగాను. నా ముందున్నామెకు వేడి వేడి సాంబారు కవర్లో పోసి, దారం చుట్టి ఇచ్చారు. నన్నేం కావాలని అడిగారు. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.